రాయచూరు సీమయందలి జంటలిపులు – పరకృత ప్రోగ్రాము ఖండముల వినియోగము

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నెలకొనిన రాయచూరు అంతర్వేది పేరు వినగనే చరిత్ర చదివినవారికి యుద్ధములు జ్ఞప్తికి వచ్చును. 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు బిజాపురము సుల్తానుతో ఇచ్చట జరిపిన పోరు మిక్కిలి ప్రసిద్ధము. రాజుల కథ యటుండ, ఈ సీమకు మరియొక చరిత్ర కలదు. అది లేఖకుల చరిత్ర. ఒకరు వ్రాసిన దానిని మరియొకరు గ్రహించి, తమ చోటికి తగినట్లు సవరించుకొని వాడుకొనుట యను పద్ధతికి ఇక్కడి రాళ్లు 2,200 ఏండ్లకు పైబడిన కాలమునుండి సాక్ష్యమిచ్చుచున్నవి. నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు ఒండొరుల ఖండములను తెచ్చుకొని తమ పనిలో చేర్చుకొనుచున్నారు. వీనిని వారు మాడ్యూళ్లనియు, లైబ్రరీలనియు వ్యవహరింతురు. ఇది కేవలము పాశ్చాత్య దేశములనుండి దిగుమతియైన నూతన విద్య యని తలచువారు పెక్కుమంది కలరు. ఆ విద్య పుట్టిన చోటు పశ్చిమమే. కాని తెలుగు, కన్నడ లిపుల విషయమున ఆ విద్య చక్కగా ఫలించుటకు కారణము మాత్రము ఈ రెండు భాషల గత చరిత్రలోనే యున్నది. ఆ రెండు లిపులును దినదినము ఎదురుపడు చోటు రాయచూరు. కావున ఈ విచారణకు రాయచూరు జిల్లాకంటె తగిన స్థలము వేరొకటి లేదు.

మొదట మస్కి శాసనమును చూడవలెను. 1915వ సంవత్సరమున బీడన్ అను బంగారు గనుల ఇంజనీరు రాయచూరు జిల్లాలోని మస్కి గ్రామముకడ ఒక బండమీద ప్రాచీనాక్షరములను కనుగొనెను. అవి అశోక చక్రవర్తి చిన్న శిలాశాసనములలోనివి. అంతకు పూర్వము దొరకిన శాసనములలో రాజును 'దేవానాంప్రియుడు' మొదలగు బిరుదములతో మాత్రమే పేర్కొని యుండిరి. అశోకుడను పేరు స్పష్టముగా కానవచ్చిన మొదటి శాసనము మస్కిదే. ఈ విషయము పాఠశాలలలో సైతము బోధింపబడుచున్నది. కాని పాఠ్యపుస్తకములు అంతగా పట్టించుకొనని సంగతి యొకటి కలదు. మస్కిలోని పాఠము మస్కికొరకు రచింపబడినది కాదు. ఒకే పాఠమును దేశమునందు పలుచోట్ల చెక్కించిరి. కొప్పళముకడ గవిమఠము, పాల్కిగుండు అను రెండు చోట్లను, కర్నూలు జిల్లా యెర్రగుడియందును, చిత్రదుర్గము జిల్లాలోని బ్రహ్మగిరి, సిద్ధాపురము, జటింగ రామేశ్వరములయందును అదియే పాఠము స్వల్ప భేదములతో కానవచ్చును. ఒకచోట సిద్ధమైన మాతృకను పంపగా, ఆయా స్థలముల లేఖకులు దానిని తీసికొని వాడుకొనిరన్నమాట.

ఆ వాడుకొనుటయందు తెలిసి వాడినవారును, తెలియక వాడినవారును కానవచ్చుచున్నారు. బ్రహ్మగిరి శాసనము ఇందుకు మంచి యుదాహరణము. సువర్ణగిరినుండి రాజకుమారుడును మహామాత్రులును ఇసిల పట్టణపు మహామాత్రులకు క్షేమమడుగుచు పంపిన పైలేఖ యొకటి మూలపాఠముతో గూడ వచ్చినది. అది అధికారులకు వ్రాసిన ఉత్తరము. ప్రజలు చదువవలసిన శాసనభాగము కాదు. అయినను చెక్కినవారు దానినిగూడ శాసనముతోపాటు శిలపై నెక్కించిరి. లేఖకుడు తనకు అందినదానిలో ఏది సారమో, ఏది మోతచీటీయో వేరుచేయలేదు. నేటి చరిత్రకారులకు మాత్రము ఆ పొరపాటు నిధి యైనది. సువర్ణగిరి యను రాజప్రతినిధి స్థానమొకటి దక్షిణమున నుండెనని దానివలననే తెలిసినది. ఆ సువర్ణగిరి మస్కికి సమీపముననున్న కనకగిరి యని కొందరును, యెర్రగుడి చెంతనున్న జొన్నగిరి యని కొందరును చెప్పుదురు. ఇక యెర్రగుడిలో చిన్న శాసనపు పంక్తులు కొన్ని ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచినవి. చిత్రదుర్గపు శాసనములను వ్రాసిన చపడుడను లేఖకుడు తన వృత్తినామమును ఖరోష్ఠి లిపిలో వ్రాసికొనెను. వాయవ్య సరిహద్దున వాడుకలోనుండిన ఆ లిపి అతనికి వచ్చునని దీనివలన స్పష్టము. పాఠము తనది కాకున్నను, లిఖించిన పని తనదని చెప్పికొనుటకు అతడు వెనుదీయలేదు. ఈ చపడుని సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

బ్రాహ్మినుండి కాలక్రమమున దక్షిణాపథమందలి లిపులు పుట్టినవి. అందు కదంబ చాళుక్యుల కాలమున రూపుదిద్దుకొనిన లిపి తెలుగునకును కన్నడమునకును ఉమ్మడి సొత్తు. లిపి శాస్త్రజ్ఞులు దీనిని తెలుగు-కన్నడ లిపి యని జంటపేరుతోనే పిలుతురు. పదునొకండవ శతాబ్దమున, అనగా నన్నయభట్టు కాలమున, రెండు భాషల శాసనములను ప్రక్కప్రక్కన నుంచి అక్షరముల ఆకృతినిబట్టి మాత్రమే ఇది తెలుగు, ఇది కన్నడము అని వేరుపరచుట కష్టము. పదుమూడవ శతాబ్దము మొదలుకొని తలకట్టు తీరులు క్రమముగా వేరుపడెను. తెలుగున తలకట్టు టిక్కుగుర్తువలె పైకి లేచినది. కన్నడమున అది అడ్డుగీతవలె వ్రాలినది. అచ్చుయంత్రము వచ్చి అచ్చులు పోతపోసిన తరువాత ఆ భేదములు గట్టిపడి రెండు లిపులు రెండుగా నిలిచిపోయెను. ఆకృతులు వేరైనను అక్షరముల వరుస, గుణింతపు పద్ధతి, వత్తులు క్రింద చేర్చు సంప్రదాయము చాలవరకు ఒక్కటిగనే మిగిలెను.

రాయచూరు కోటగోడలోని తెలుగు శాసనము ఈ వేరుపడు కాలమునకు చెందినది. కాకతీయ ప్రతాపరుద్రుని పాలనాకాలమున, 1294వ సంవత్సరమున, గోరె గన్నయ రెడ్డి యాజ్ఞచే విఠలనాథుడు ఆదవాని, తుంబళము, మానువ, హాలువ దుర్గములను జయించి రాయచూరు ప్రవేశించి ఈ గట్టి ప్రాకారమును కట్టించెనని ఆ శాసనము తెలుపుచున్నది. 40 అడుగులకు మించిన పొడవుగల ఒకే రాతిపలకపై అది చెక్కబడియున్నది. ఆ పలకను కొండనుండి బండిపై నెక్కించి పశువులచే లాగించి తెచ్చిన విధమును చూపు చిత్రముగూడ అచ్చట గీయబడినది. రాయి ఎట్లు వచ్చినదో, ఎవరు తెప్పించిరో, ఏ పనికి వినియోగించిరో అన్నియు రాతిమీదనే యున్నవి. పిదప బహమనీలును, విజయనగర రాజులును, బిజాపురము సుల్తానులును ఈ కోటను తమ తమ అవసరములకు పెంచుకొనిరి. పూర్వపు గోడను పడగొట్టి మొదటినుండి కట్టువారికంటె, ఉన్న గోడకు ఆనించి కట్టినవారే చరిత్రలో ఎక్కువ.

ఇక ప్రోగ్రాముల కథ. ఇంగ్లాండు దేశపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్‌శాక్ అను కంప్యూటరు 1949వ సంవత్సరము మే నెలలో పనిచేయ నారంభించెను. దానిని నిర్మించిన మారిస్ విల్క్స్, ఆయన సహచరులైన డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనువారు త్వరలోనే ఒక సత్యమును గుర్తించిరి. ఎవరు ఏ లెక్క చేయింపదలచినను, భాగహారము, లాగరితములు, ఫలితములను అచ్చొత్తుట మొదలగు కొన్ని పనులు మరల మరల వచ్చుచుండెను. ప్రతివారును వానిని తామే వ్రాసికొనుచు ప్రతివారును తప్పులు చేయుట వృథాశ్రమ. కావున ఒకరు వ్రాసి పరీక్షించిన ఖండములను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలపై నుంచి, ఉక్కు బీరువాలో భద్రపరచి, కావలసినవారు ప్రతి తీసికొనునట్లు ఏర్పాటు చేసిరి. వీనికి సబ్‌రొటీనులని పేరు. 1951 నాటికి ఆ బీరువాలో 87 సబ్‌రొటీనులు చేరెను. ఆ సంవత్సరముననే ఆ మువ్వురును కలిసి ప్రచురించిన గ్రంథము ప్రోగ్రాము రచనపై వెలువడిన మొదటి పుస్తకము.

ఇందు ఒక చిక్కు కలదు. కంప్యూటరు స్మృతిలో ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. ఖండమును వ్రాసినవాడు అది ఏ గదినుండి ఆరంభమగునో ముందుగా ఎరుగడు. అది వాడుకొనువాని ఇష్టము. వీలర్ కల్పించిన ఉపాయము సులభమైనది. ఖండములోని స్థానసంఖ్యలన్నియు సున్ననుండి మొదలైనట్లుగా వ్రాయుట. యంత్రములోనికి ఎక్కించునప్పుడు వాడుకొనువాడు ఎంచుకొనిన ఆరంభసంఖ్యను వానికన్నింటికిని కలుపుట. ఒక్క కూడికతో ఒకరి ఖండము మరియొకరి యింట సరిగా కుదురుకొనును. పాఠకులు ఈ కూడికను గుర్తుంచుకొనవలెను. అది మరియొక రూపమున తెలుగు కన్నడముల కడకు వచ్చును.

వీలరే 1952లో మరియొక మాట చెప్పెను. ఖండమును వ్రాయుట, పరీక్షించుట యయిన తరువాతగూడ పెద్ద పని యొకటి మిగిలియుండును. దాని లోగుట్టు ఎరుగనివాడుగూడ సులభముగా వాడుకొనగల రీతిని దానిని వివరించి వ్రాయుట. అదియే అన్నింటికంటె కష్టమైన పని కావచ్చును అని ఆయన అభిప్రాయము. ఇది సంస్కృత వ్యాకరణము చదివినవారికి క్రొత్తగా తోచదు. పాణిని ఒక సూత్రమునందు చెప్పిన పదమును తరువాతి సూత్రములయందు మరల చెప్పక అనువృత్తిచే గ్రహింపజేసెను. ఆ పొదుపు అద్భుతమే. కాని దానిని వాడుకొనువారికి వార్తికములు, భాష్యము, వృత్తులు కావలసివచ్చెను. సూత్రముకంటె వృత్తి పెద్దది యగుట తప్పు కాదు, అవసరము. 1968వ సంవత్సరమున జర్మనీ దేశపు గార్మిష్ పట్టణమున జరిగిన సభలో డగ్లస్ మెకిల్‌రాయ్ అను శాస్త్రజ్ఞుడు ప్రోగ్రాము ఖండములను కర్మాగారపు విడిభాగములవలె విరివిగా సిద్ధపరచవలెనని వాదించెను. ఆ కోరిక నేడు ఆయన ఊహించినదానికంటె మిన్నగా నెరవేరినది. మేలే జరిగినదా యన్నది ముందు చూడవచ్చును.

భారతదేశమున ఈ విషయము లిపుల ద్వారమున ప్రవేశించినది. కంప్యూటరుకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. ఏ అక్షరమునకు ఏ సంఖ్య యను నిర్ణయము మొదట జరుగవలెను. 1980ల దశాబ్దమున కాన్పూరు ఐఐటీలో జిస్ట్ అను పేర భారతీయ లిపులకొరకు జరిగిన పరిశోధన తరువాత పుణెలోని సీడాక్ సంస్థకు చేరెను. ఆ కృషినుండి రూపొందిన ఇస్కీ యను సంకేత పద్ధతిని 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ అంగీకరించెను. దాని మూలసూత్రము తెలివైనది. బ్రాహ్మినుండి పుట్టిన లిపులన్నింటియందు వర్ణమాల ఒక్కటే గనుక, నాగరికి, తెలుగునకు, కన్నడమునకు, బంగాళీకి వేరువేరు పట్టికలు పనిలేదు. ఒకే పట్టికలో 'క' కు ఒక స్థానము, 'ఖ' కు ఒక స్థానము చాలును. ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికకును అదియే ఆధారము. కన్నడమున టైపు చేయుట నేర్చిన రాయచూరు గుమాస్తా ఆ మీటలమీదనే, వ్రేళ్ల స్థానము మార్చక, తెలుగును కొట్టగలడు.

1991వ సంవత్సరము అక్టోబరులో వెలువడిన యూనికోడు మొదటి సంపుటి ఈ పట్టికనే మాతృకగా గ్రహించినది. కాని అందు ప్రతి లిపికిని 128 స్థానముల ప్రత్యేక గృహము నిచ్చిరి. ఇండ్లు వేరైనను గదుల వరుస ఒకటే. తెలుగు ఇంటి గోడకు ఆనుకొనియున్నది కన్నడపు ఇల్లు. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. భేదము సరిగా 128. 'కర్ణాటక' అను పేరును తెలుగున వ్రాసినచో కంప్యూటరు లోపల ఏడు సంఖ్యలు నిలుచును. ప్రతిదానికి 128 కలిపినచో అదే పేరు కన్నడ లిపిలో సిద్ధమగును. వీలర్ తన కాగితపు పట్టీలకు చేసిన కూడిక వంటిదే యిది. కన్నడమునకై యొకరు వ్రాసిన గుణింతపు ఖండమును, అక్షరవిభజన ఖండమును ఈ కూడికతో తెలుగునకు త్రిప్పుకొనవచ్చును. భారతీయ భాషలపై పనిచేయువారికి పరిచితమైన ఇండిక్ ఎన్‌ఎల్‌పి లైబ్రరీలో లిప్యంతరీకరణము చేయు భాగము ఈ సూత్రముమీదనే నడచును. కదంబ చాళుక్య కాలపు లేఖకులు రెండు భాషలకు ఒకే లిపిని వాడియుండకున్నచో ఈ సులువు ఇంత పూర్తిగా దొరకెడిది కాదు.

అయితే కూడిక తెలిసినంత మాత్రమున పని తీరదు. రాయచూరు బస్సు స్టాండులోని బోర్డును చూచిన ఏ తెలుగు బాలుడైనను గుర్తింపగల భేదమొకటి కలదు. తెలుగున 'ర్ణ' వ్రాయునప్పుడు 'ర' పూర్తిగా నిలిచి 'ణ' వత్తు క్రిందికి పోవును. కన్నడమున 'ణ' పూర్తిగా నిలిచి, రేఫము దాని కుడిప్రక్కన గుర్తుగా చేరును. దానిని కన్నడిగులు అర్కావొత్తు అందురు. లోపలి సంఖ్యల క్రమము రెంటికిని ఒకటే. పైకి చూపవలసిన ఆకృతి వేరు. కన్నడపు ఖండమును తెలియక యథాతథముగా తెచ్చి తెలుగునకు తగిలించినచో, సాక్షాత్తు ఆ రాష్ట్రము పేరే తెలుగున వింతగా కనబడును. ఇచ్చట వినోదమేమనగా, పూర్వపు తెలుగుననుగూడ ఈ కుడిప్రక్క గుర్తు ఉండెడిది. దానికి వలపలగిలక యని పేరు. పాత అచ్చు పుస్తకములు చదివిన పెద్దలకు అది చిరపరిచితము. కన్నడము నిలుపుకొనినదానిని తెలుగు వదలుకొనినది. కాబట్టి ఇది రెండు జాతుల లిపుల భేదము కాదు, ఒకే లిపికి రెండు ఇండ్లలో జరిగిన రెండు అలవాట్ల భేదము.

కూడిక చెడు తావులు ఇంకను కొన్ని కలవు. తెలుగులోని దంత్య చకార జకారములకు 2008లో యూనికోడు స్థానములు లభించెను. కన్నడమున వానికి సాటి అక్షరములు లేవు. ప్రాచీన శాసనములలోని 'ఴ' కథ మరింత విచిత్రము. కన్నడ విభాగమున అది మొదటినుండియు 3294వ స్థానమున కలదు. కాని ఎవరి పొరపాటో, దానికి 'ఫ' అను అర్థము వచ్చు తప్పు పేరు పెట్టిరి. తెలుగు 'ఴ' కు 2014లో గాని 3124వ స్థానము దొరకలేదు. భేదము 128 కాదు, 170. ఇక తప్పు పేరును దిద్దవచ్చును గదా యని యడుగవచ్చును. దిద్దరు. ఒకసారి ఇచ్చిన పేరును ఎన్నడును మార్చరాదని యూనికోడు వారి నియమము. ఏలయన ఆ పేరునుబట్టి పనిచేయు ప్రోగ్రాములు లోకమున ఎక్కడెక్కడ కలవో ఎవరికిని తెలియదు. తప్పని తెలిసియు, ప్రక్కన ఇది తప్పు అని వివరణ వ్రాసి, తప్పునే శాశ్వతముగా నిలిపిరి. బ్రహ్మగిరి బండపైని పైలేఖవలె అదియు ఇక చెరిగిపోదు.

రేఫమువంటి భేదములనన్నిటిని చక్కదిద్ది అక్షరములను తెరపై కూర్చు పనిని నేడు అత్యధిక భాగము చేయుచున్నది హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ. హర్ఫు అనగా అక్షరమని దక్కనీ వినిన రాయచూరు వారికి చెప్పనక్కరలేదు. పారసీకమునుండి పుట్టించిన ఈ పేరునకు తెరచిన అక్షరమని భావము. ఇది మొదట ఫ్రీటైప్ అను మరియొక లైబ్రరీలోని భాగము. దాని ప్రతులను రెండు సంస్థలు వేరువేరుగా తీసికొని వేరువేరుగా సవరించుకొనుచుండెను. ఒకచోట దిద్దిన తప్పు మరియొకచోట అట్లే మిగులుచుండెను. ఆ శ్రమను చూచి అన్నింటిని ఒకటిగా కలిపిరి. ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడు ఫోనులు, లిబ్రె ఆఫీసు మొదలైనవన్నియు నేడు దీనినే వాడుచున్నవి. ఇందు భారతీయ లిపులన్నింటికి కలిపి ఒక యంత్రాంగము వ్రాసి, లిపిలిపికి గల భేదములను ఒక చిన్న పట్టికలో నుంచిరి. పట్టికలో తెలుగునకు ఒక పంక్తి, కన్నడమునకు ఒక పంక్తి. ఆ రెండు పంక్తులను పోల్చి చదివినచో, పొల్లు గుర్తు సంఖ్య తప్ప ముఖ్యమైన భేదము రేఫము విషయమొక్కటే. కన్నడమున రేఫము అడుగకయే ఏర్పడును. తెలుగున ప్రత్యేకముగా కోరిననే ఏర్పడును. లిపి చరిత్రకారుడు శాసనములు శోధించి పుటలకొలది వ్రాయు విషయమును ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక్క మాటలో నిక్షేపించెను. ఈ పట్టిక ఎవరైనను తెరచి చదువదగినది. ప్రోగ్రాము రచన నేర్వదలచిన తెలుగు విద్యార్థికి దీనికంటె మంచి పాఠ్యగ్రంథము దొరకుట యరుదు. తన భాష తనకు తెలియును. దానిని మరియొకడు, అందులోను ఆ భాష మాతృభాష కానివాడు, ఎట్లు అర్థము చేసికొనెనో చూచుటయే అతని చదువు. ఖండమును వాడుకొనుట నిమిషములో ముగియును. దానిని చదివి, ఒక మాట మార్చి చూచి, ఏమి చెడునో పరీక్షించుటకు దినములు పట్టును. విద్య అబ్బునది అప్పుడే.

పరుల ఖండములపై ఆధారపడుటవలన కలుగు అపాయమునకు తెలుగువారికి స్వంత ఉదాహరణమే యున్నది. 2018వ సంవత్సరము ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగు అక్షరము ఒక ప్రత్యేక సంకేతముతో కూడి వచ్చినప్పుడు యాపిల్ వారి ఐఫోనులు స్తంభించిపోయెను. సందేశములు చూపు ప్రోగ్రాము మొదలుకొని పెక్కు ప్రోగ్రాములు ఒకేసారి పడిపోయెను. ఆ ప్రోగ్రాములు వ్రాసినవారి తప్పేమియు లేదు. వారందరును అక్షరములు కూర్చుటకు ఒకే అంతర్గత లైబ్రరీని నమ్ముకొనియుండిరి; తప్పు దానిలో నుండెను. ఫిబ్రవరి 19వ తేదీన సవరణ వెలువడగా అన్నియు ఒకేసారి బాగుపడెను. ఒకచోట తప్పు ఊరందరిని ముంచుట, ఒకచోట దిద్దుబాటు ఊరందరిని గట్టెక్కించుట ఈ పద్ధతికి సహజమైన రెండు ముఖములు. ఆనాడు లోకమంతట పత్రికలు తెలుగు అక్షరమును ఫోనులను చంపు అక్షరముగా వర్ణించినవి. అక్షరము నిరపరాధి. దాని వరుసలను తగినంతగా పరీక్షించినవారు లేకపోవుటయే దోషము. తెలుగు వాడువారు కోట్లలో నున్నను, తెలుగు కూర్పును పరిశీలించి తప్పులు తెలుపువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది యున్నంతవరకు ఇట్టివి మరల రాకపోవు.

రెండు సంవత్సరములకు ముందు, 2016 మార్చి 22న, ఇంకొక విధమైన ఉపద్రవము జరిగెను. మాటకు ఎడమప్రక్కన ఖాళీలు చేర్చుటకు 11 పంక్తులలో వ్రాసిన లెఫ్ట్‌ప్యాడ్ అను చిన్న ఖండమును దాని కర్త ఒక వివాదము కారణముగా ఉమ్మడి భాండాగారమునుండి తొలగించెను. దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు వేనవేలు నిర్మాణ దశలోనే ఆగిపోయెను. కొద్ది గంటలలోనే దానిని మరల నిలిపిరి. పదునొకండు పంక్తులు తాము వ్రాసికొనలేక ఇంతమంది పరుల వాకిట నిలిచిరా యని అప్పుడు పెద్దలు నవ్విరి. ఆ నవ్వు కొంత న్యాయమే. కోట గోడకు రాతిపలక కొండనుండి తెప్పించుట పౌరుషము. ఇంటి గడపలో వేయు గులకరాయికిగూడ కొండమీది వానిని వేడుకొనుట సోమరితనము.

ఇచ్చట చపడుడును విఠలనాథుడును మరల జ్ఞప్తికి వచ్చుచున్నారు. పరుల పనిని వాడుకొనునపుడు వారి పేరు చెరుపరాదను మర్యాద నేటి ప్రోగ్రాముల లోకమున న్యాయపత్రముల రూపమున నున్నది. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమమునుండి 1989లో వెలువడిన జీపీఎల్ అను అనుమతి పత్రము, గ్రహించి మార్చి పంచిపెట్టువాడు మూలమును గూడ అందరికి తెరచి యుంచవలెనని శాసించును. ఎంఐటీ వారి పేర నున్న పత్రము అంత కఠినము కాదు. కర్త పేరును, అనుమతి వాక్యములను చెరుపకుండ నిలుపుమని మాత్రము కోరును. తెలుగునకు ఈ ఔదార్యమువలన కలిగిన మేలు చిన్నది కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు జీపీఎల్ క్రింద లభించుటచే లినక్సు వ్యవస్థలలో చేరి దేశదేశములకు పోయెను. రెడ్‌హాట్ సంస్థ వెలువరించిన లోహిత్ కుటుంబమున తెలుగునకును కన్నడమునకును తోబుట్టువులవంటి ఫాంటులు కలవు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయుటకు ఆర్‌టీఎస్ అను పద్ధతి నేర్పరచిరి. తరువాతివారు పెక్కురు ఆ పద్ధతిని గ్రహించి తమ సాధనములలో పొదిగికొనిరి. నేడు దానిని వాడువారిలో పలువురు ఆ ఇరువురి పేరు వినియుండరు.

కాన్పూరులో ఆరంభమై హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు, పిదప అచ్చటి ట్రిపుల్ ఐటీకి తరలిన అనుసారక యను అనువాద యంత్రము మరియొక దృష్టాంతము. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ ప్రభృతులు అక్షరభారతి యను ఉమ్మడి పేరుతో పాణినీయ దృష్టిని ఆశ్రయించి, తెలుగు, కన్నడము మొదలైన భాషలనుండి హిందీకి మార్పు చేయు ఖండములను నిర్మించిరి. వీనినిగూడ జీపీఎల్ క్రిందనే విడుదల చేసిరి. తెలుగు కన్నడముల వాక్యక్రమము, విభక్తుల తీరు సన్నిహితములగుటచే ఒకదానికై చేసిన విశ్లేషణ పద్ధతి మరియొకదానికి దారి చూపును. ఒక్క మనిషి పేరు కాక పరిషత్తు పేరు పెట్టుకొనుట వారి విశేషము. చపడుడు చేసినది ఒక మార్గము, ఇది యింకొకటి.

రాయచూరు తెలుగువారికి ఈ చరిత్రలో నున్న పాలు ఎట్టిది? 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విడివడినప్పుడు ఈ జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. ఆలంపురము, గద్వాల తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. తుంగభద్ర కాలువలు పారిన పిదప సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తానుండి వచ్చిన రైతులు నెలకొల్పిన పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుచుచున్నారు. అంతకు ముందునుండియు పట్టణమున తెలుగు మాటాడు కుటుంబములు కలవు. వీరి బిడ్డలలో పెక్కురు బడిలో కన్నడము చదివి యింట తెలుగు మాటాడుదురు. తెలుగు వినినచో తెలియును, చదువబోయినచో తడబడుదురు. ఇట్టివారికి 128 కూడిక కేవలము లెక్కల వినోదము కాదు. తాత వ్రాసిన తెలుగు ఉత్తరమును, తెలుగు పద్యమును తాము చదువగల కన్నడ లిపిలో క్షణములో చూచుకొనవచ్చును. కన్నడము చదివిన కన్ను కొంతకాలము ఆ రెంటిని ప్రక్కప్రక్కన చూచినచో తలకట్టు భేదము తప్ప మిగిలినది చుట్టరికమేనని గ్రహించి తెలుగు లిపికే అలవాటుపడగలదు. లిప్యంతరీకరణమువలన తెలుగు లిపి మరుగునపడునని శంకించువారు కలరు. ఆ శంకను కొట్టివేయరాదు. కాని చదువలేని లిపిలో పెట్టెలో మ్రగ్గు ఉత్తరముకంటె, చదువగల లిపిలో నోటికి వచ్చు ఉత్తరము మేలనువారి వాదమే బలవత్తరముగా తోచుచున్నది.

2019వ సంవత్సరమున రాయచూరునకు కేంద్రప్రభుత్వము ట్రిపుల్ ఐటీని మంజూరు చేసినది. దానికి మార్గదర్శిగా నిలిచినది హైదరాబాదు ఐఐటీ. మొదటి తరగతులు ఆ హైదరాబాదు ఆవరణలోనే జరిగి, తరువాత విద్యాలయము రాయచూరు చేరినది. అచ్చట చేరు విద్యార్థులు మొదటి సంవత్సరముననే పరుల లైబ్రరీలను తెచ్చి వాడుకొనుట నేర్తురు. హార్ఫ్‌బజ్ పట్టికలో తెలుగు పంక్తియు కన్నడ పంక్తియు ఎవరైనను తెరచి చూచుకొనుటకు వీలుగా నున్నవి. కోటలో 1294 నాటి పలకయు అట్లే యున్నది; దానిపై బండిని లాగుచున్న పశువుల చిత్రము ఇంకను చెరిగిపోలేదు.